కలిసి కూర్చున్నప్పుడే మాట చెల్లింది
స్త్రీల హక్కుల కోసం మతాలు, దేశాలు దాటి కుదిరిన పొత్తులు మనకు చెప్పేది



ప్రతి ఏటా ఈ ప్రత్యేక సంచికలో మా పనుల వివరాలు, జమాఖర్చులు మీ ముందు ఉంచుతున్నాం. ఈసారి వాటితో పాటు ఒక ప్రశ్నకు జవాబు కూడా చెప్పుకోవాల్సి వచ్చింది. పోయిన రంజాన్ తర్వాత ఒక పెద్దాయన మా ఆఫీసుకు వచ్చారు. సొసైటీ పెట్టిన నాటి నుంచి ఏటా తప్పకుండా చందా ఇస్తున్న మనిషి. కుర్చీలో కూర్చుని, టీ కూడా ముట్టకుండా అడిగారు: "మన ఆడపిల్లల సంగతి మనం చూసుకోలేమా? వేరే వాళ్ల మహిళా సంఘాలతో కలిసి ఈ మీటింగులు ఎందుకు? ఇవాళ కలిసి కూర్చుంటారు, రేపు మన ఇంటికొచ్చి మనకే పాఠాలు చెబుతారు. అప్పుడేం చేస్తారు?" అప్పటికప్పుడు మేమిచ్చిన సమాధానం ఆయనకు నచ్చలేదు. ఆ రోజు చందా ఇవ్వకుండానే వెళ్లిపోయారు.

ఆయన అడిగినదాంట్లో సగం న్యాయం ఉంది. ఆ సగాన్ని ఒప్పుకుంటూనే, మిగతా సగానికి జవాబు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం. ఇందుకు మా సొంత వాదన కన్నా, మనకంటే ముందు ఈ దారిలో నడిచినవారి చరిత్రే ఎక్కువ పనికొస్తుంది. ఆ చరిత్రలో ముస్లిం మహిళలు వెనక వరుసలో లేరు. చాలాచోట్ల ముందే నిలబడ్డారు. ఆ సంగతి మన ఇళ్లలో చాలామందికి తెలియదు.

దీన్ ప్రకారం ఇది సరైనదేనా అనే సందేహం ఉన్నవారికి ముందుగా ఒక్క మాట. మక్కాలో దైవప్రవక్త ముహమ్మద్ (స) యువకుడిగా ఉన్న రోజుల్లో, యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడికి సరుకు ధర ఎగ్గొట్టారు. అండగా నిలిచే తెగ లేని పరదేశి అతను. అప్పుడు కొన్ని తెగల పెద్దలు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో సమావేశమై, అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే, అతని హక్కు అతనికి దక్కేదాకా తోడు నిలుస్తామని ప్రమాణం చేశారు. దానికే 'హిల్ఫుల్ ఫుజూల్' అని పేరు. ప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. దౌత్యం లభించిన తర్వాత కూడా ఆ ఒప్పందాన్ని గౌరవంగా తలచుకుంటూ, మళ్లీ అలాంటి దానికి పిలిస్తే వెళతానని చెప్పారు. ఆ ఇంట్లో కూర్చున్నవారు అప్పటికి ముస్లింలు కారు. అక్కడ వారిని కలిపింది న్యాయం.

కాకినాడలో ఒక చిన్న అమ్మాయి

మన తెలుగు నేల నుంచే మొదలుపెడదాం. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, పన్నెండేళ్లు కూడా నిండని ఒక బాలికకు ఒక ఆలోచన వచ్చింది. ఊళ్లో దేవదాసీ కుటుంబాల స్త్రీలు ఉన్నారు. గోషా పాటించే ముస్లిం స్త్రీలు ఉన్నారు. ఈ ఇద్దరూ బహిరంగ సభకు రాలేరు. ఒకరిని సమాజం దూరం పెట్టింది, మరొకరు ఇల్లు దాటి రారు. మరి గాంధీజీ మాట వీళ్లకు చేరేదెలా? వీళ్ల కోసం ప్రత్యేకంగా ఒక సమావేశం పెట్టించాలని ఆ పిల్ల పట్టుబట్టింది. అయిదు వేల రూపాయల నిధి సమర్పిస్తే ఆయన కొద్ది నిమిషాలు కేటాయిస్తారని నిర్వాహకులు చెప్పారు. ఆ స్త్రీలే ఆ డబ్బు కూడబెట్టారు. సమావేశం జరిగింది, గాంధీజీ ప్రసంగాన్ని ఆ బాలికే తెలుగులో చెప్పింది. ఆమే తర్వాతి రోజుల్లో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి.

ఆ బాలిక ఎవరినీ గోషా వదిలి రమ్మనలేదు. వాళ్లు రాగలిగిన చోటునే సిద్ధం చేసింది. మేము చెప్పదలచుకున్న పొత్తుకు మొదటి పాఠం ఇదే.

బడి గురించి మొదలై, పెళ్లి వయసు దాకా

అంతకు నాలుగేళ్ల ముందు, 1917 డిసెంబరులో, భారత వ్యవహారాల మంత్రి మాంటేగ్ మద్రాసు వచ్చినప్పుడు మహిళల ప్రతినిధి బృందం ఒకటి ఆయనను కలిసింది. మహిళలకు కూడా ఓటు హక్కు కావాలని అడిగింది. బృందానికి నాయకురాలు మన హైదరాబాద్‌లో పుట్టిన సరోజినీ నాయుడు. బృందంలో బేగం హస్రత్ మొహానీ ఉన్నారు. దీన్ని ఏర్పాటు చేయడంలో ముఖ్యపాత్ర ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్‌ది. ఆమె భర్త పనిచేసిన కాలేజీ మదనపల్లెలో ఉండేది. ఆమె కూడా అక్కడే నివసించారు. 1921లో మద్రాసు రాష్ట్రం కొంత ఆస్తి అర్హతతో మహిళలకు ఓటు ఇచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే.

ఆ మార్గరెట్ కజిన్స్ చొరవతోనే 1927 జనవరిలో పూనాలో అఖిల భారత మహిళా సభ మొదలైంది. మొదటి సమావేశానికి అధ్యక్షురాలు బరోడా మహారాణి. మరుసటి ఏడాది ఢిల్లీలో జరిగిన రెండో సమావేశానికి అధ్యక్షురాలు భోపాల్‌ను పాతికేళ్లు పాలించి, కుమారుడికి గద్దె అప్పగించిన సుల్తాన్ జహాఁ బేగం. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి మొదటి చాన్స్‌లర్ ఆమే. ఒక ఏడాది హిందూ మహారాణి, మరుసటి ఏడాది ముస్లిం బేగం ఒకే సభకు అధ్యక్షత వహించారు. ఎవరూ ఎవరికీ అతిథి కాదు.

ఆ సభ ముందుగా పెట్టుకున్న విషయం ఒక్కటే, ఆడపిల్లల చదువు. మతాల గొడవ లేని విషయం కదా అని ఎంచుకున్నారు. అయితే బడికి వచ్చిన పిల్లలు ఎందుకు మానేస్తున్నారని చూస్తే, ఎక్కడికక్కడ ఒకటే కారణం ఎదురైంది. చిన్న వయసులోనే పెళ్లి చేసేస్తున్నారు. హిందూ ఇళ్లలోనూ అంతే, ముస్లిం ఇళ్లలోనూ అంతే. అలా చదువు గురించి మొదలైన సభ పెళ్లి వయసు దగ్గరికి వచ్చి ఆగింది.

అప్పటికే హర్‌విలాస్ శారదా బాల్య వివాహాల బిల్లు కేంద్ర శాసనసభలో ఉంది. మొదట్లో అది హిందువులకు మాత్రమే ఉద్దేశించినది. అమ్మాయికి 12 ఏళ్లు అని రాశారు. సెలెక్ట్ కమిటీలో దాన్ని అన్ని మతాలకూ వర్తింపజేసి, అమ్మాయికి 14, అబ్బాయికి 18 అని మార్చారు. 1929లో చట్టమైంది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తెలుగువాళ్లకు ఇది 'శారదా చట్టం'గా గుర్తు.

చట్టం రాగానే అన్ని మతాల ఛాందసుల నుంచీ వ్యతిరేకత వచ్చింది. కొందరు ముస్లిం పెద్దమనుషులు వైస్రాయి దగ్గరకు వెళ్లి, ముస్లింలను దీని నుంచి మినహాయించమని కోరారు. అప్పుడు మహిళా సభలోని ముస్లిం సభ్యులు ఊరుకోలేదు. మినహాయింపు అడుగుతున్నది కొద్దిమంది మగవాళ్లేనని, ఈ చట్టం మగవాళ్ల కన్నా ఆడపిల్లల బతుకునే ఎక్కువగా తాకుతుందని, కాబట్టి తమ తరఫున మాట్లాడే హక్కు వాళ్లకు లేదని వైస్రాయికి తెలియజేశారు.

ఆ మాట హిందూ సభ్యులు అని ఉంటే ఏమయ్యేది? మత జోక్యం అని గొడవ లేచేది. ముస్లిం స్త్రీలే చెప్పారు కాబట్టి ఆ మాటకు విలువ వచ్చింది. మిగతావారు వెనక నిలబడ్డారు. ఎవరి ఇంటి మాట వారే చెప్పాలి, మిగతావారు తోడుండాలి. ఇది రెండో పాఠం.

లండన్‌లో ముగ్గురు స్త్రీలు

1933లో కొత్త రాజ్యాంగ చట్టం గురించి బ్రిటిష్ పార్లమెంటు సంయుక్త సంఘం లండన్‌లో విచారణ జరిపింది. భారత మహిళా సంఘాల తరఫున ముగ్గురు సాక్ష్యం చెప్పారు. ఒకరు రాజకుమారి అమృత్ కౌర్, కపుర్తలా రాజవంశపు క్రైస్తవ కుటుంబంలో పుట్టినవారు. రెండోవారు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి. తల్లిది దేవదాసీ కులం. మద్రాసు శాసనమండలిలో కూర్చున్న మొదటి మహిళ ఆమె. మూడోవారు బేగం షరీఫా హమీద్ అలీ. 1930లో గాంధీజీ అరెస్టయ్యాక ఉప్పు సత్యాగ్రహ నాయకత్వం అందుకున్న వృద్ధ నాయకుడు అబ్బాస్ త్యాబ్జీ కుమార్తె.

ఒక క్రైస్తవ స్త్రీ, ఒక హిందూ స్త్రీ, ఒక ముస్లిం స్త్రీ. ముగ్గురి మాటా ఒకటే. వయోజనులందరికీ ఓటు కావాలి. మహిళలను మతాల వారీగా విడగొట్టి సీట్లు ఇవ్వొద్దు. అయితే వారి కోరిక నెరవేరలేదు. 1935 చట్టం మహిళల సీట్లను కూడా మతాల వారీగానే పంచింది. అయినా ఆ ముగ్గురూ ఆ గదిలోకి కలిసే వెళ్లి, కలిసే బయటకు వచ్చారు. ఓడిపోయినా చెదిరిపోని పొత్తే నిలబడుతుంది.

ఇస్తాంబుల్‌లో వినిపించిన హెచ్చరిక

ఇక ఆ పెద్దాయన ప్రశ్నలో న్యాయమున్న సగానికి వస్తాం. రేపు మనకే పాఠాలు చెబుతారేమో అన్న భయం. ఈ భయం కొత్తది కాదు.

1935 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మహిళా కూటమి మహాసభ ఇస్తాంబుల్‌లో జరిగింది. టర్కీ మహిళలు అప్పుడే పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఈజిప్టు మహిళా ఉద్యమ నాయకురాలు హుదా షారావీ వచ్చారు. యూరప్, అమెరికాల నుంచి పేరున్నవారు వచ్చారు. భారతదేశం నుంచి షరీఫా హమీద్ అలీ వెళ్లారు. ఆ వేదిక మీద ఆమె నిర్మొహమాటంగా ఒక హెచ్చరిక చేశారు. యూరప్, అమెరికా వాళ్లు మేమే గొప్ప, మేము మిమ్మల్ని ఉద్ధరిస్తాం అన్న అహంకారంతో వస్తే, మతాన్నో ప్రభుత్వాన్నో వ్యాపారాన్నో మా మీద రుద్దాలని చూస్తే, ఆసియా, ఆఫ్రికా దూరమవుతాయని, అక్కడి స్త్రీలు కూడా దూరమవుతారని చెప్పారు.

గమనించండి. ఈ హెచ్చరిక చేసింది పొత్తుకు వ్యతిరేకి కాదు. బాల్య వివాహాలకు వ్యతిరేకంగా సొంత సమాజంలో నిలబడి మాట్లాడిన స్త్రీ. లండన్‌కు క్రైస్తవ, హిందూ సోదరీమణులతో కలిసి వెళ్లిన స్త్రీ. ఇంట్లో తప్పు ఉంటే ఇంట్లో నిలదీశారు. బయటివాళ్లు చిన్నచూపు చూస్తే వాళ్ల ముఖానే చెప్పారు. చెప్పి లేచి వచ్చేయలేదు. పొత్తు ఎలా ఉండాలో చెప్పి, అక్కడే కూర్చున్నారు. పెద్దాయన భయానికి ఆమె చూపిన జవాబు ఇదే.

పొత్తు ఎక్కడ పలచబడింది

అంతా మంచే జరిగిందని చెబితే అబద్ధమవుతుంది. 1935 చట్టం పంచిన సీట్ల విషయంలో ముస్లిం మహిళా నాయకుల్లోనే భేదాభిప్రాయాలు వచ్చాయి. కొందరు మహిళా సభ మాటకే కట్టుబడ్డారు. మరికొందరు, మా సమాజానికి వచ్చే సీట్లను ఎందుకు వదులుకోవాలి అన్నారు. జాతీయోద్యమ వేదికల మీద స్త్రీకి ఆదర్శం చెప్పాలంటే సీత, సావిత్రి, ద్రౌపది పేర్లే వచ్చేవి. చెప్పేవారికి అందులో తప్పేమీ కనిపించలేదు. వినే ముస్లిం స్త్రీకి మాత్రం, ఇక్కడ నా పేరు ఎక్కడుంది అనిపించింది. 1940లు వచ్చేసరికి చాలామంది ముస్లిం మహిళలు ఆ సభకు దూరమయ్యారు. తర్వాత దేశమే రెండయింది.

ఇందులో తప్పు ఒక్కరిదే అని తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎక్కువమంది ఉన్నచోట తక్కువమంది తమ మాటను తామే మింగేసుకుంటారు. అది ఎక్కువమందికి కనిపించదు. మన మొహల్లాలో మనం ఎక్కువ ఉన్నప్పుడు, అక్కడున్న నాలుగు వేరే ఇళ్లవాళ్ల విషయంలో మనమూ అంతే. ఈ మాట మనకూ వర్తిస్తుంది.

1948: యుద్ధం అక్కడ, ఒకే మాట ఇక్కడ

ఇన్ని విడిపోవడాల తర్వాత ఆ పొత్తు చచ్చిపోయిందని అనుకోవాలి. చావలేదు.

1947 ఫిబ్రవరిలో ఐక్యరాజ్యసమితి మహిళా స్థితిగతుల కమిషన్ మొదటిసారి న్యూయార్క్ దగ్గర లేక్ సక్సెస్‌లో సమావేశమైంది. పదిహేను దేశాల నుంచి పదిహేనుమంది స్త్రీలు. అధ్యక్షురాలు డెన్మార్క్‌కు చెందిన బోదిల్ బెగ్‌ట్రూప్. భారతదేశం పంపింది షరీఫా హమీద్ అలీని. టర్కీ, సిరియా దేశాల స్త్రీలు కూడా ఆ బల్ల చుట్టూ ఉన్నారు. ఇస్తాంబుల్‌లో హెచ్చరించిన స్త్రీకి ఇప్పుడు సమాన స్థానం దక్కింది.

అదే కాలంలో మానవ హక్కుల ప్రకటన రాయడం మొదలైంది. మొదటి వాక్యంలో మానవులందరినీ 'పురుషులు' అనే అర్థం కూడా వచ్చే ఇంగ్లిషు మాటతో రాశారు. అందులో స్త్రీలు కూడా ఉన్నట్టే కదా అని చాలామంది అనుకున్నారు. భారత ప్రతినిధి హంసా మెహతా ఒప్పుకోలేదు. ఈ మాట అడ్డం పెట్టుకుని స్త్రీలను పక్కన పెట్టే దేశాలు ఉంటాయని వాదించారు. చివరికి అది 'మానవులందరూ' అనే అర్థమే వచ్చే మాటగా మారింది. హంసా మెహతా ఎవరు? 1945-46లో అఖిల భారత మహిళా సభకు అధ్యక్షురాలు.

1948 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ పారిస్‌లో మొదలైంది. ఆ సెప్టెంబరు ఎలాంటిదో హైదరాబాద్ రాష్ట్రపు ముస్లిం కుటుంబాలకు ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. మన పెద్దల్లో చాలామంది ఆ నెల పేరెత్తడానికే ఇష్టపడరు. కశ్మీర్‌లో భారత్, పాకిస్తాన్ సైన్యాలు యుద్ధంలో ఉన్నాయి. సరిహద్దుకు ఇటూ అటూ కోటికి పైగా జనం ఇళ్లు వదిలి పోయారు. అలాంటి సమయంలో పారిస్‌లో ప్రకటనను చర్చించే సంఘంలో భారత్ తరఫున లక్ష్మీ మీనన్, పాకిస్తాన్ తరఫున బేగం షాయిస్తా ఇక్రాముల్లా కూర్చున్నారు.

లక్ష్మీ మీనన్ ప్రకటన పీఠికలో 'స్త్రీ పురుషుల సమాన హక్కులు' అని స్పష్టంగా రాయాలని పట్టుబట్టారు. షాయిస్తా ఇక్రాముల్లా వివాహం గురించిన 16వ అధికరణం కోసం గట్టిగా నిలబడ్డారు. పెళ్లికి ఇద్దరి పూర్తి అంగీకారం ఉండాలి, పెళ్లిలోనూ, అది రద్దయినప్పుడూ ఇద్దరికీ సమాన హక్కులు ఉండాలి అన్నది దాని సారాంశం. బాల్య వివాహాలను, బలవంతపు పెళ్లిళ్లను ఆపడానికి ఇది దారి అని ఆమె నమ్మారు. సౌదీ అరేబియా ప్రతినిధి అభ్యంతరం చెప్పారు. ఆమె వెనక్కి తగ్గలేదు. కలకత్తా సుహ్రావర్దీ కుటుంబంలో పుట్టి, లండన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, తన దీన్ మీద గట్టి విశ్వాసమున్న స్త్రీ ఆమె. నికాహ్‌కు ఆడపిల్ల అంగీకారం కావాలని మన షరీఅత్ ఏనాడో చెప్పింది కదా. 1948 డిసెంబరు 10న 48 దేశాలు అనుకూలంగా, వ్యతిరేకంగా ఒక్క ఓటూ లేకుండా, 8 దేశాలు ఓటింగుకు దూరంగా ఉండగా ప్రకటన ఆమోదం పొందింది.

రెండు దేశాల సైనికులు కాల్చుకుంటున్న వారాల్లోనే, ఆ రెండు దేశాల స్త్రీలు ఒకే ప్రకటనలో ఆడపిల్లకు చోటు కోసం వాదించారు. వారి దేశభక్తికి అది అడ్డం రాలేదు. వారి మతానికీ అడ్డం రాలేదు.

మా మొహల్లాలో ఏం జరిగింది

ఇంత పెద్ద చరిత్ర చెప్పాక మా చిన్న పని గురించి చెప్పడానికి కొంచెం సంకోచంగానే ఉంది. అయినా మీ డబ్బుతో జరిగిన పని కాబట్టి చెప్పాలి.

మా కుట్టు శిక్షణ కేంద్రంలోనూ, స్కాలర్‌షిప్పుల్లోనూ మాకు పదేపదే ఎదురైన సమస్య కూడా ఆ పూనా సభకు ఎదురైనదే. పదో తరగతికి రాకముందే పిల్ల బడి మానేస్తుంది. అడిగితే సంబంధం కుదిరిందంటారు. మా పక్క వీధిలో పొదుపు సంఘాల హిందూ, క్రైస్తవ సోదరీమణులకూ ఇదే బాధ. అలా ఇద్దరం కలిశాం.

మొదటి ఉమ్మడి సమావేశం పాడైంది. పట్నం నుంచి పిలిపించిన ఒక వక్త, విషయం పక్కనపెట్టి బురఖా గురించి మొదలుపెట్టారు. మా ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. తర్వాత మూడు నెలలు ఎవరినీ పిలవలేకపోయాం. పెద్దాయన భయపడింది సరిగ్గా ఇదే. కానీ తప్పు వాళ్ల వైపు మాత్రమే లేదు. రెండోసారి మేము మా హాల్లో పెట్టాం. ఆడవాళ్లను తెర వెనక కూర్చోబెట్టి, వాళ్ల తరఫున మా కమిటీ మగవాళ్లమే మాట్లాడేశాం. వచ్చిన పొదుపు సంఘం అధ్యక్షురాలు టీ తాగి, వెళ్లేటప్పుడు మా మహిళా కార్యకర్తతో మెల్లగా అంది: "ఏం వదినా, మీ మాట వినడానికి వస్తే అన్నయ్యల మాటలు వినిపించి పంపుతున్నారు." నవ్వుతూనే అంది. మాకు మాత్రం తగలాల్సిన చోటే తగిలింది.

మూడోసారి మగవాళ్లం ఎవరమూ వెళ్లలేదు. ఒక ఇంటి వరండాలో, అసర్ నమాజ్ తర్వాత, ఆడవాళ్లు మాత్రమే కూర్చున్నారు. మాట్లాడింది ఒకే ఒక్క విషయం: పిల్ల బడి మానకుండా ఏం చేయాలి?

ఆ తర్వాత కొన్నాళ్లకు మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయికి పెళ్లి కుదిరిందని తెలిసింది. ఆ ఇంటికి ముందు మా ఆపానే వెళ్లింది. అమ్మాయి నానీతో కూర్చుని నికాహ్‌లో అమ్మాయి అంగీకారం సంగతి, చట్టం సంగతి చెప్పింది. తండ్రి అసలు భయం వేరు. పిల్ల బడికి నడిచి వెళ్లే దారిలో ఏమన్నా జరిగితే పరువు పోతుందని. అప్పుడు పక్క వీధి పొదుపు సంఘం సోదరి, "మా పిల్లలూ అదే బడికి వెళ్తారు కదన్నా, నలుగురూ కలిసి వెళ్లి కలిసి వస్తారు, బాధ్యత మాది" అని మాట ఇచ్చింది. పెళ్లి ఆగింది. అల్‌హందులిల్లాహ్, ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ ఇంట్లో దీన్ మాట చెప్పగలిగింది మనవాళ్లే. రోడ్డు మీద పిల్లకు తోడు ఇవ్వగలిగింది వాళ్లే. ఇద్దరిలో ఎవరు లేకపోయినా పని జరిగేది కాదు.

అన్నిసార్లూ ఇలా జరగలేదు. ఒక ఇంట్లో మేము వెళ్లేసరికే పిల్లను వేరే ఊరికి పంపేశారు. శారదా చట్టం విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. చట్టం చేసిన రోజుకూ అమలైన రోజుకూ మధ్య ఉన్న ఆరు నెలల్లో దేశమంతటా తొందర తొందరగా పెళ్లిళ్లు చేసేశారు. చట్టం ఒక్కటే సరిపోదని అప్పుడే తేలింది. ఇప్పుడున్న 2006 చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్లు నిండాలి. పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది. అయితే ఫోన్ చేసే దాకా రాకుండా ముందే ఇంటికి వెళ్లి మాట్లాడేవాళ్లు కావాలి. ఆ పనే మేము చేస్తున్నాం.

మేము పెట్టుకున్న కట్టుబాట్లు

ఆ చరిత్ర నుంచీ, మా తప్పుల నుంచీ నేర్చుకుని, ఉమ్మడి పనికి కొన్ని నియమాలు రాసుకున్నాం. దాతలకు అవి తెలియాలి.

ఒకటి, ఒకసారికి ఒకే విషయం. ఇద్దరికీ ఒకేలా నొప్పి కలిగించే విషయంతోనే మొదలుపెడతాం. ఇప్పటికి అది పిల్లల చదువు, పెళ్లి వయసు.

రెండు, ముస్లిం ఇంట్లో మాట్లాడేది ముస్లిం స్త్రీ. హిందూ, క్రైస్తవ ఇళ్లలో మాట్లాడేది వారి స్త్రీలు. మిగతావారు తోడు. ఒకరి దుస్తుల గురించీ, ఆరాధన గురించీ ఇంకొకరు మాట్లాడరు.

మూడు, సమావేశం ఒకసారి మా దగ్గర, ఒకసారి వారి దగ్గర. అధ్యక్షత కూడా అలాగే మారుతుంది. జుమా వేళల్లో, పండుగ రోజుల్లో పెట్టుకోం. ఇద్దరూ తినగలిగిన భోజనమే పెడతాం.

నాలుగు, అభ్యంతరం ఉంటే అక్కడే చెప్పాలి. ఇస్తాంబుల్‌లో షరీఫా హమీద్ అలీ చెప్పినట్టు, ముఖాముఖిగా చెప్పాలి, లేచి వెళ్లిపోకూడదు.

అయిదు, మన ఇల్లు మనం కట్టుకోవాలి. హైదరాబాద్‌లో సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో ఆడపిల్లల కోసం స్థాపించిన సఫ్దరియా బడి నేటికీ నడుస్తోంది. సొంత కాళ్లమీద నిలబడిన సంస్థ ఉన్నవాళ్లకే పొత్తులో గౌరవం ఉంటుంది. చేయి చాచి వెళ్లేవాడికి పాఠాలు వినక తప్పదు. అందుకే మా కుట్టు కేంద్రం, స్కాలర్‌షిప్పులు మా సొంత నిధులతోనే నడుస్తాయి.

దాతలకు మా విన్నపం

జకాత్ సొమ్ము విషయంలో ఎవరికీ అనుమానం అక్కర్లేదు. జకాత్ దివ్య ఖుర్‌ఆన్ చెప్పిన ఎనిమిది విభాగాలకే ఖర్చవుతుంది. అందులో నుంచి ఒక్క రూపాయి కూడా ఈ ఉమ్మడి సమావేశాలకు వెళ్లలేదు, వెళ్లదు. ఈ పనికి సాధారణ విరాళాల నుంచి వేరే ఖాతా పెట్టాం. ఖర్చు పెద్దదేమీ కాదు. మహిళా కార్యకర్తల ఆటో చార్జీలు, టీలు, సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు ట్యూషన్ టీచరు జీతం. లెక్కల పుస్తకం ఆఫీసులో ఉంది. ఎవరు ఎప్పుడొచ్చినా చూడవచ్చు.

డబ్బు కన్నా ముందు మేము అడిగేది ఇంకొకటి ఉంది. మీ ఇంటి స్త్రీలను ఈ పనికి పంపండి. చదువుకున్న మీ కోడళ్లు, రిటైరైన మీ అక్కచెల్లెళ్లు వారానికి ఒక సాయంత్రం కేటాయించినా చాలు. వైస్రాయికి రాసింది ఆడవాళ్లే. పారిస్‌లో వాదించింది ఆడవాళ్లే. మా వరండాలో పని చక్కబడింది కూడా మగవాళ్లం పక్కకు జరిగాకే.

ఇక ఆ పెద్దాయన సంగతి. చాచా, ఈ సంచిక మీ ఇంటికి కూడా పంపుతున్నాం. మీరు భయపడింది జరిగింది, ఒప్పుకుంటున్నాం. అయితే దానికి మందు విడిగా కూర్చోవడం కాదని మాకు అర్థమైంది. వచ్చే నెల సమావేశం మా దగ్గరే. ఆ రోజు మగవాళ్లం లోపలికి వెళ్లం. కానీ బయట మీతో కూర్చుని టీ తాగుతాం. లోపల ఏం మాట్లాడుకున్నారో తర్వాత మీ మనవరాలినే అడగండి. చందా సంగతి ఆమె మాట విన్నాకే మీరు చెప్పండి.

అల్లాహ్ మన అందరి ప్రయత్నాలను స్వీకరించు గాక. ఆమీన్.